ఎల్లాజీ తెడ్డు

"మంచం కింద సూసినావా?"

"సూసినాను."

"అటక మీద?"

"ఎక్కి దిగి, ఎక్కి దిగి మోకాళ్ళు పడిపోనాయి. ఇంక నా కొప్పొకటి మిగిలింది. అదీ ఇప్పి సూసుకో!"

నూకాలు తలకంటిన బూజు దులుపుకుంటూ గుమ్మంలో నిలబడింది. వరహాలు ఆమె కొప్పు వైపు నిజంగానే ఒకసారి చూశాడు.

ఇంట్లో వస్తువు కనబడకపోతే మగవాడి అనుమానం ముందుగా పెళ్ళాం మీదికే పోతుంది. దానికి సాక్ష్యం అక్కర్లేదు. ఎవరూ తప్పనరు.

తలుపు వెనకాల మూల ఖాళీగా ఉంది. ఆ మూల ఖాళీగా ఉండగా ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. వరహాలు తండ్రి ఎల్లాజీ బతికున్న రోజుల్నించీ ఆ తెడ్డు అక్కడ నిటారుగా, ఇంటికి ఇంకో మనిషిలాగా నిలబడి ఉండేది. శుక్రవారం శుక్రవారం దాని తలకి గంగాలమ్మ పసుపు రాసేది. రాసి రాసి వెనక గోడ కూడా పచ్చబడిపోయింది. ఇవాళ పొద్దున్న వరహాలు హార్బరుకి చేపల వేలం పాటకి వెళ్ళేటప్పుడు తెడ్డు ఉంది. తిరిగొచ్చేసరికి గోడమీద ఆ పసుపు మరక మాత్రం మిగిలింది.

రేపు తెల్లారితే కొత్త బోటు నీళ్ళలో దిగాలి.

"తెడ్డే కదా," అంది నూకాలు కాస్త గొంతు తగ్గించి. "సింహాద్రన్న పెరట్లో పాతదొకటి పడుంది. దానికింత పసుపు పులిమి ఎట్టీ. ఎవుడు సూడొచ్చాడు?"

"నోరు ముయ్యే! తెడ్డంటే గరిటి అనుకున్నావా, ఏ సెయ్యి దొరికితే ఆ సెయ్యి తిప్పడానికి? మనిషిని ఇసకలో నిలబెట్టి కాలి కాడ నుంచి నుదురు దాకా కొలిసి కోత్తారు. ఎవుడి తెడ్డు ఆడిదే. ఒకడిది ఇంకొకడు ఏత్తే నడుం పడిపోద్ది. అయ్య తెడ్డని సెప్పి ఇంకోడి తెడ్డు ఎట్టమంటావా? కలాసీలకి కళ్ళు లేవనుకున్నావా?"

కలాసీలకి కళ్ళు లేకపోతే బాగుండునని అతనికీ ఉంది. బోటు పనివాళ్ళ పెద్ద సింహాద్రి నెల్లాళ్ళ కిందటే తెగేసి చెప్పాడు: "ఇంజనుని నమ్మి మేం ఎక్కం బావా. తుపానులో మనుషుల్ని ఒడ్డుకి సేర్సిన తెడ్డు అది. ఎల్లాజీ మామ తెడ్డు అణియంలో ఉంటే ఎక్కుతాం. నేదంటే నేదు." బోటు ముందు కొసని వాళ్ళు అణియం అంటారు. గంగమ్మ తల్లి కూర్చునే చోటు.

నిన్ననే బోటు పక్కన ఎర్ర రంగుతో తండ్రి పేరు రాయించి, అణియానికీ అదే రంగు పూయించాడు వరహాలు. నూకాలు మెడలో నానుతాడు దగ్గర్నుంచి ఇంట్లో బరువున్నవన్నీ ఆ బోటులోనే కలిసిపోయాయి. కలాసీలు ఎక్కకపోతే అది హార్బరులో కట్టేసిన ఏనుగు. కొత్తవాళ్ళు దొరుకుతారా అంటే, ఉక్కు ఫ్యాక్టరీ కాంట్రాక్టర్లు పేటలోకి లారీలు పంపి మరీ కుర్రవాళ్ళని ఎక్కించుకుపోతున్నారు.

గంగాలమ్మ ఈ గొడవంతా తనది కానట్టు అరుగుమీద కూర్చుని చేటలో నెత్తళ్ళ ఎండుచేపలు ఏరుతోంది. కాళ్ళు చీర కుచ్చెళ్ళ కిందికి ముడుచుకుని వరహాలు తిరిగొచ్చినప్పట్నుంచీ ఆ ఒక్క చోటే కూర్చుంది. కాఫీకి కూడా లేవలేదు.

వరహాలు చూపు పెళ్ళాం మీంచి తల్లి మీదికి జారింది.

"అమ్మా. నాను పాటకి ఎల్లినప్పుడు ఎవరొచ్చినారు?"

"ఎవరూ రాలేదు."

"మరి తెడ్డుకి కాళ్ళొచ్చినాయా?"

గంగాలమ్మ ఓ పీత ముక్క ఏరి కోడి ముందుకి విసిరింది.

"మొన్న ఆ రేడియో ఆవిడ తలుపేసుకుని నిన్నేటి అడిగినాది?"

"నెత్తళ్ళు ఎలగ ఎండబెడతారని."

"దానికి తలుపెందుకు?"

"సముద్రం హోరంతా ఆవిడ మిషన్లోకి ఎలిపోతందట. నన్నేటి సెయ్యమంటావు? సముద్రాన్ని నోరు ముయ్యమన్నా మూత్తాదా, నీ పెళ్ళాం నాగ!"

నూకాలు నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. ఆ నవ్వు చూసి వరహాలు అనుమానం మళ్ళీ వెనక్కొచ్చింది. అత్తా కోడళ్ళు కలిసి నవ్వుకునే ఇల్లు కాదది.

"ఏట్రా అల్లుడా, నీ గొంతు ఈది సివర దాకా ఇనిపిత్తాంది?"

మేనత్త పోతమ్మ. ఎల్లాజీకి చెల్లెలు. వచ్చీ రాగానే మూల వైపు చూసింది. ఖాళీ మూల చూసి ఆమె ముఖంలో ముందు కనిపించింది ఆశ్చర్యం కాదు, బెదురు. దాన్ని వెంటనే కోపంతో కప్పేసింది.

"నాను మొదుట్నుంచీ మొత్తుకుంటన్నాను. ఆ సంచీ ఆవిణ్ణి గుమ్మం ఎక్కనీకురా అని. మా అన్న తెడ్డు పట్టుకుపోయి మూజియంలో ఎట్టేసుంటాది. టిక్కెట్టు కొనుక్కుని దండం ఎట్టుకుని రా ఇంక!"

"ఆవిడ ఇవాళ రానేదత్తా."

"రాకపోతే? తెడ్డు పంపినోళ్ళున్నారు." పోతమ్మ అరుగు వైపు తల ఎగరేసింది. "ఏటి వదినా? ఆవిడకి ఏటేటి సెప్పినావు?"

గంగాలమ్మ తలెత్తింది. ఆడబిడ్డ ముఖం వంక తీరిగ్గా చూసింది. "నీ గురించి ఏం సెప్పనేదులే. బయపడకు," అని మళ్ళీ చేటలోకి వంగింది.

పోతమ్మకి ఎందుకు భయం? ఆ మాట వరహాలు చెవిలో పడింది గాని, ఆ క్షణాన దాన్ని పట్టుకోవడానికి వీలు లేకపోయింది. వీధిలో రిక్షా ఆగింది.

దిగింది రేడియో ఆవిడ కామేశ్వరే. ఆమెది నరసాపురం వైపు. మొగుడు పోర్టులో ఉద్యోగం. రేడియోలో ఆడవాళ్ళ కార్యక్రమానికని ఊళ్ళు, పేటలు తిరుగుతుంది. భుజాన సంచీ, అందులో టేపురికార్డరు.

"గంగాలమ్మగారూ, ఇవాళ రమ్మన్నారని..." అంటూనే నలుగురి మొహాలూ చూసి ఆగిపోయింది.

"ఆ సంచీ కింద ఎట్టండి," అన్నాడు వరహాలు.

"ఏవండీ?"

"ఎట్టండి. సూడాల."

"ఏం చూడాలండీ?"

"మా అయ్య తెడ్డు."

నూకాలు ఇంక ఉండబట్టలేకపోయింది. "మనిషంత తెడ్డు ఆ సంచీలో ఎలగ పడతాదయ్యా? మడతెట్టినాదేటి, సీరలాగ?"

వరహాలు మొహం ఎర్రబడింది. కామేశ్వరికి సంగతి అర్థమై సంచీ తానే నేలమీద పెట్టింది. కోపం తెచ్చుకోలేదు. మాట మాత్రం గట్టిపడింది.

"మీ నాన్నగారి తెడ్డుతో నాకు పని లేదండీ. ఆయన కథ పేటలో ఎవర్నడిగినా చెబుతున్నారు. నాకు కావాల్సింది మీ అమ్మగారి కథ."

"మాయమ్మదా!" వరహాలుకి నవ్వొచ్చింది. "మాయమ్మకేటుందండీ కథ? సేపలమ్మీది, మమ్మల్ని పెంచీది. ఏ అమ్మయినా అదే."

"ఏ ఇంటికెళ్ళినా మొదట ఇదే మాట వింటున్నానండీ. పద్మనాభం వెళ్ళినా ఇదే, సబ్బవరం వెళ్ళినా ఇదే. మా ఇంట్లో మా మామగారూ అంతే. మీ అత్తగారికి ఏముందమ్మా కథ అన్నారు. ఆవిడ పక్కనే కూర్చుని అవునన్నట్టు తలూపింది."

"మరింకేటి? సెప్పేసినారు కదా, నేదని."

"అవునండీ. కానీ ఇక్కడ ఒకటి నాకు అర్థం కాలేదు." కామేశ్వరి పోతమ్మ వైపు తిరిగింది. "తుపాను రోజున మీ వదినగారు ఎక్కడున్నారండీ అని మొన్న మిమ్మల్నడిగాను. ఒక్క మాట. మీరు చెంబు విసిరికొట్టి లేచి వెళ్ళిపోయారు. ఒడ్డున నిలబడి ఏడ్చింది అంటే సరిపోయేది కదండీ. అంత కోపం ఎందుకు?"

అరుగు మీద చేట చప్పుడు ఆగిపోయింది.

"అత్తా?" అన్నాడు వరహాలు.

"ఏటత్తా? ఏటి? ఊరు కాని ఊరు మనిషొచ్చి మా ఇంటి ఆడోళ్ళ ఆరా తీత్తే కోపం రాదా?" పోతమ్మ గొంతు కీచుమంది. "ఎవరికి తెలీదురా ఆ కథ? గాలి తిరిగిపోనాది. మా ఆయనా, ఇంకో ఇద్దరూ ఉన్న తెప్ప బోల్తా కొట్టినాది. మా అన్న ఇంకో తెప్పేసుకుని అలల్లోకి ఎల్లి అందర్నీ ఏసుకొచ్చినాడు. అంతే. ఒడ్డు మీద ఊరంతా సూసింది."

"ఊరంతా సూడనేదు," అంది గంగాలమ్మ. "అంత వానలో ఊరెక్కడుంది? నువ్వొక్కదానివే ఉన్నావు."

ఆ మాట అనేసి ఆమె లేచింది. వచ్చిన మనిషికి మంచినీళ్ళైనా ఇవ్వలేదని అప్పుడే గుర్తొచ్చినట్టు లోపలికి నడిచి, తెడ్డు మూల పక్కనున్న కుండ దగ్గర ఆగి చెంబు ముంచింది. నడుం నొప్పికి ఓ చెయ్యి గోడకి ఆనించి నిటారుగా నిలబడింది.

నూకాలు అటే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"అత్తా. కదలకు."

"ఏటే?"

"అలగే ఉండు. కదలకు."

నూకాలు దగ్గరికెళ్ళి అత్త నుదుటి మీద అరచెయ్యి అడ్డంగా పెట్టింది. ఆ చేతిని అలాగే గోడమీదికి జరిపింది. అరచెయ్యి సరిగ్గా పసుపు మరక మీదికి వెళ్ళింది. బొట్టు లేని ఆ నుదురూ, ఏళ్ళ తరబడి తెడ్డు తల ఆనిన ఆ మరకా ఒక్క ఎత్తున ఉన్నాయి.

"మావ ఎంత పొడుగు?" అని అడిగింది మొగుణ్ణి.

అడగక్కర్లేదు. ఎల్లాజీ ఆ గుమ్మంలోంచి ఎప్పుడూ తల వంచే వచ్చేవాడు. వరహాలుదీ తండ్రి పొడుగే. గోడమీద మరక అతని గుండెల దగ్గరికి వస్తుంది.

ఆ తెడ్డుకి దండం పెడుతూ పెరిగాడు అతను. దండం పెట్టేవాడికి కొలిచే బుద్ధి పుట్టదు.

సముద్రం ఒక్కటే మాట్లాడింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"వదినా, వద్దు," అంది పోతమ్మ. కీచుగొంతు పోయి వట్టి గాలి మిగిలింది. "ఒట్టేసినావు."

"ఏయించుకున్నోడు నీ మొగుడు. ఆడూ పోనాడు, మీ అన్నా పోనాడు. ఇంకెవరి కోసమే ఆ ఒట్టు?"

"అమ్మా, ఆ తెడ్డు ఎవురిది?"

గంగాలమ్మ చెంబు తీసుకెళ్ళి కామేశ్వరికి ఇచ్చి, ఆమె తాగేదాకా ఆగింది. అప్పుడు కొడుకు వైపు తిరిగింది.

"మా అయ్యకి మగపిల్లలు నేరురా. నన్నేసుకునే ఏటకెల్లీవోడు. మా ఊరోళ్ళు నవ్వీవోరు. నన్ను ఇసకలో నిలబెట్టి కోయించినాడు ఆ తెడ్డు. ఈ ఇంటికొచ్చినప్పుడు కట్టెల మోపులో కలిపి తెచ్చుకున్నాను. ఇక్కడ ఆడది తెప్ప తొక్కకూడదు కదా. కట్టెల్లోనే ఉంది, ఆ తుపాను రోజు దాకా."

"మరి అయ్య?"

"బోల్తా కొట్టిన తెప్ప మీద నలుగురు. ముగ్గురు కాదు. మీ అయ్య నాలుగోవోడు."

పోతమ్మ గోడకి చేరబడి అలాగే కిందికి కూలబడిపోయింది.

"నాను ఆ తెడ్డట్టుకుని ఇంకో తెప్పేసుకెల్లి అందర్నీ లాగినాను. ఒడ్డుకొచ్చినాక మీ అత్త మొగుడు నా కాళ్ళట్టుకున్నాడు. పేణం పోసినావని కాదు. ఆడది లాక్కొచ్చినాదని తెలిత్తే బతకలేమని. మీ అయ్య చేతిలో తెడ్డు ఎట్టి పేటలోకి నడిపించుకెల్లినారు. డప్పులు కొట్టినారు. ఆ రేత్రి ఆళ్ళందరికీ వండి ఎట్టింది కూడా నానే."

"ఆ తెప్ప తుపానుకి ఇరిగిపోనాదన్నారు..."

"తుపానుకి ఇరగలేదురా," అంది పోతమ్మ నేల చూస్తూ. "ఆడది తొక్కిన తెప్ప. ఆళ్ళే కట్లు ఇప్పి కాల్చీసినారు."

వాళ్ళని బతికించిన తెప్పని వాళ్ళే కాల్చారు. దానికి ఒక నియమం ఉంది, ఆ నియమానికి ఒక దేవత ఉంది. ఇలాంటి పనులకి మగవాళ్ళకి ఏదో ఒకటి ఎప్పుడూ దొరుకుతుంది.

కామేశ్వరి చెయ్యి సంచీ వైపు వెళ్ళింది. వరహాలు చూపు ఆ చేతిని పట్టుకుంది. చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చింది.

"అంతా అబద్దం," అన్నాడు అతను. గట్టిగా అన్నాడు గాని ఎవరితో అన్నాడో తెలియలేదు. "ఈవిడొచ్చి ఎక్కించినాది నీకు. అయ్య ఉండగా ఎందుకు సెప్పనేదు?"

"మీ అయ్య ఆ తెడ్డు ముట్టుకోగా నువ్వెప్పుడైనా సూసినావా?"

వరహాలు ఆలోచించాడు. వర్షానికి ఇల్లు కారిననాడు కూడా ఆ తెడ్డుని తల్లే జరిపేది. తండ్రి దాని పక్కనుంచి ఒదిగి వెళ్ళేవాడు. అది భక్తి అనుకున్నారు అందరూ.

"ఆయన సెడ్డోడు కాదురా. సిగ్గుతో సచ్చినాడు," అంది గంగాలమ్మ. "ఎల్లాజీ తెడ్డు, ఎల్లాజీ తెడ్డని పేటంతా అంటా ఉంటే తల కిందకేసుకునీవోడు. నాను పసుపు రాసుకునీదాన్ని. నాది నాను రాసుకున్నాను. మీరు ఆయనకనుకున్నారు. అనుకోండి, నాకేటి అనుకున్నాను. కానీ రేపు ఆయన పేరు సెప్పి నీ బోటులో ఎట్టి, డప్పులు కొట్టి, కలాసీలు దండాలెడితే... రెండోసారి సూడలేనురా."

"అందుకని దాచేసినావా? రేపు బోటు దిగకూడదా? నన్ను నడిరోడ్డులో నిలబెడతావా, నీ పంతం కోసం?" అన్నాడు వరహాలు. "నీకిప్పుడేటి కావాల? నీ పేరు రాయించమంటావా బోటు మీద? రాయిత్తే ఒక్క కలాసీ ఎక్కుతాడా? తెప్ప కాల్చినోళ్ళు, బోటు కాల్చరా? ఏదీ ఆ తెడ్డు? ఎక్కడెట్టినావు?"

"నువ్వెక్కడ ఎట్టాలనుకున్నావో అక్కడే."

"ఏటి?"

"అణియంలో. గంగమ్మ కాడ. పొద్దున్న మీరందరూ పాట కాడ, నీ పెళ్ళాం నీళ్ళ కాడ ఉన్నప్పుడు."

"ఎవరు ఎట్టినారు?"

"నానే."

"బోటు... ఎక్కినావా?"

"ఎక్కకుండా అణియంలో ఎలగ ఎడతారు? ఇసిరీమన్నావా?"

పోతమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. నూకాలు మాత్రం అత్త కాళ్ళ వైపు చూసింది. చీర అంచు కింద మడమకి ఎర్రగా ఏదో అంటుకుని ఎండిపోయింది. రక్తం కాదు. రంగు. ఇంతసేపూ కాళ్ళు ముడుచుకుని ఎందుకు కూర్చుందో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"వరహాలు బావా!"

సింహాద్రి గొంతు. వాకిట్లోకి వచ్చేశాడు. వెనక ఇంకా కొందరు ఉన్నట్టు చెప్పుల చప్పుడు. రేపు ఎక్కాల్సిన కలాసీలే.

"బావా, తెడ్డు ముందే ఎట్టీసినావు, మాతో ఒక్క మాటైనా అననేదు. పోనీలే, ఉంది, సాలు." అతను కాస్త ఆగాడు. మాటలో చనువు తగ్గింది. "గానీ అణియం మీద ఆరని ఎర్ర రంగులో ఎవరిదో కాలు అచ్చు పడింది. సిన్న కాలు. మా వోళ్ళు సూసి ఆగిపోనారు. అది మగోడి కాలు నాగ నేదంటన్నారు. ఎవురిది బావా?"

కామేశ్వరి సంచీ భుజానికి తగిలించుకుని గోడ పక్కకి ఒదిగింది.

గంగాలమ్మ చీర అంచు కాస్త ఎత్తి దోపుకుంది. దాచడానికేమీ లేనట్టు, ఎర్ర మడమలతో గుమ్మం వైపు నడిచింది.

వరహాలు చెయ్యి చటుక్కున గుమ్మానికి అడ్డం పడింది.

ఆ చెయ్యి బయటికి పోయే తల్లిని ఆపడానికో, లోపలికి వచ్చేవాళ్ళని ఆపడానికో, పక్కనే నిలబడ్డ నూకాలుకి కూడా తెలియలేదు.